సూది లేవని కారు

ఫొటో తీసేవాడిని కూడా అనుమానంగానే చూశాడు ఆ మహానుభావుడు.

మొన్న పొద్దున మా జిల్లావాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో వచ్చింది. దండ వేసి ఉంది. ఈ అరబ్బు దేశంలో, సల్వాలో డ్రైవరుగా పనిచేసి వెళ్ళినాయన రాయచోటిలో కాలం చేశాడని కింద రెండు ముక్కలు రాశారు. ఫొటోలో ఆయన మెడ వెనక్కి లాక్కుని, ఎడమకన్ను చిట్లించి, ‘దీన్ని యాడ పెడతావు, ఎవురికి చూపిస్తావు’ అని అడుగుతున్నట్టే ఉన్నాడు. గ్రూపులో అందరూ దండాల బొమ్మలు పెట్టేశారు. నాకు చెయ్యి ఆడలేదు. నేనిప్పుడు ఇక్కడే ఎగైలా అనే పేటలో ఒక ఇంట్లో వంట చేస్తున్నాను. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా ఆ ఫొటో చూస్తూనే నిలబడ్డాను.

ఆయన పేరు రాయను. ఎవరైనా పేరడిగితే ‘దేనికి?’ అనే మనిషి. చచ్చి ఏ లోకాన ఉన్నా నన్ను ఆ మాట అడక్క మానడు. నాకా ఓపిక లేదు.

నేను మొదట పనికి కుదిరింది సల్వాలో. విమానాశ్రయానికి నన్ను తీసుకుపోవడానికి ఆయనే వచ్చాడు. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద, అయినా ఇక్కడ మనవాళ్ళంతా అన్నలే కాబట్టి అన్నా అన్నాను. ఆయన నా ముఖం చూడలేదు, పెట్టె చూశాడు.

"ఏముండాది దీంట్లో?"

"బట్టలు, ఊరగాయ అన్నా."

"ఊరగాయ ఎవురిచ్చినారు?"

"మా అమ్మ పెట్టింది."

"మీ అమ్మే పెట్టిందా, మధ్యలో ఎవురన్నా పొట్లం కలిపినారా? ఎవుడో ఇచ్చిన పొట్లం మోసుకొచ్చి జైల్లో కూచ్చున్నోళ్ళను చూసినాను నేను."

అంతమంది జనం మధ్య పెట్టె విప్పించి, జాడీ మూత తీయించి, గోంగూర వాసన చూసి అప్పుడు డిక్కీ తెరిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో మొగుడితో పడలేక ఇంతదూరం వస్తే ఈయనెవడ్రా నాయనా అనుకున్నాను. డిక్కీ చూశాక మాత్రం ఆ మంట మరిచిపోయాను. మా ఇంట్లో వంటగది అంత ఉంది.

అది ముప్పై ఏళ్ళనాటి అమెరికా కారు. ఎనిమిది సిలిండర్లు, తెల్లరంగు, లోపల ఎర్ర సీట్లు, ముందు సీట్లోనే ముగ్గురు పట్టేటంత వెడల్పు. మా యజమానురాలి భర్త కొన్నది. నేను పోయేసరికి ఆయన లేడు. ఆమెను అందరం మామా అనేవాళ్ళం, అరబీలో అమ్మ అని. మామాకు ఆ కారంటే భర్తే. ఇంట్లో ఇంకో మూడు కొత్త బండ్లున్నా, ఆస్పత్రికైనా అక్కాచెల్లెళ్ళ ఇళ్ళకైనా ఆ కారులోనే పోయేది. పెద్దకొడుకుకు మాత్రం ఆ కారంటే అసహ్యం. "అమ్మేద్దాం, అమ్మేద్దాం" అని వారానికోసారి అనేవాడు. మిగతా బండ్లు పిల్లలే తోలుకుంటారు గనుక, ఆ కారు తిరిగినన్నాళ్ళే మా అన్నకు ఆ ఇంట్లో పని. కారు ఆగిందంటే ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, ఖలాస్. ఊళ్ళో ఆయన చిన్నకూతురు నర్సింగులో చేరింది, ఇంకా చదువుంది. ఆ పిల్ల చదువయ్యేదాకా ఆ కారు ఎలాగైనా తిరగాలి. ఆయన బతుకంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉండేది.

కారేమో తిరగనని మొండికేసేది. ఏనుగును సాకొచ్చు గాని దాన్ని సాకడం మావల్ల కాదని ఇల్లంతా అనుకునేది. బాటరీ రెండు ఎండాకాలాలు దాటదు. రబ్బరు పైపులు, బెల్టులు ఏటేటా ఎండి పగులుతాయి. పైకప్పు గుడ్డ ఊడి మామా నెత్తిన పడుతుంటే నా దగ్గర గుండుసూదులు తీసుకుపోయి గుచ్చాడు. వెనక అద్దాలు ఎక్కించే మోటార్లు పోయాయి, రెండు అరచేతులూ ఆనించి పైకి నెట్టాలి. ఒక ఆగస్టులో ఏసీ కంప్రెసరు పోతే దానికైన డబ్బు నా నెల జీతం కంటే ఎక్కువ. ఏ సామాను కావాలన్నా అమెరికా నుంచి తెప్పిస్తే రెండు నెలలు, సులైబియా యార్డుల్లో పడున్న పాత కార్లలోంచి పీకించుకొస్తే రెండు రోజులు. రెండు నెలలది అసలుదని ఆయనకు నమ్మకం లేదు, రెండు రోజులది బతుకుతుందని అంతకన్నా లేదు.

రోజూ సాయంత్రం నా దగ్గర గుడ్ల అట్టపెట్టె ఒకటి అడిగి, విప్పి చాపలా చేసి, కారు కింద పరిచేవాడు. తెల్లారి నేను చాయ్ పట్టుకుపోయేసరికి గొంతుక్కూర్చుని ఆ అట్ట చదువుతుండేవాడు.

"నల్లది ఇంజనాయిలు. దానికి భయం లేదు. ఎర్రది గేరాయిలు. ఎర్రది పడిందంటే ఆ పొద్దు నన్ను పలకరించాకు."

"ఈ రోజు ఏమీ పడలేదు కదన్నా, మంచిదేగా?"

"అదే భయం పాపా. కారే బండి మంచిది. కారడం నిలిచిందంటే లోపల ఏమీ లేదనే అర్థం."

చెప్పేసి అట్టను నాలుగు మడతలు పెట్టి, పెద్దకొడుకు లేవకముందే బయట చెత్తడబ్బాలో అడుగున పారేసి వచ్చేవాడు. నేల మీద మరక పడితే బట్టలుతికే పౌడరేసి రుద్దేవాడు. తర్వాత చాయ్ గ్లాసు వైపు చూసి "నువ్వు తాగినావా?" అనేవాడు. తాగానంటే "ఎప్పుడు?" అనేవాడు. ఛీ, ఇదేం మనిషిరా భగవంతుడా అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

పెట్రోలు బంకులో నిప్పులు కురిసే ఎండలో కూడా దిగి, సున్నా పడిందో లేదో కళ్ళతో చూస్తేగాని పోయనిచ్చేవాడు కాదు. ఇక్కడ అట్లాంటి మోసం ఉండదన్నా అంటే, "మోసం లేని ఊరు యాడుండాదో చెప్పు, పోదాం" అనేవాడు. కారు తాళం మొలతాడుకు కట్టుకునేవాడు. స్నానానికి పోయినా అది ఒంటి మీదే.

ఒకరోజు వచ్చి, గోళ్ళరంగు ఉందా అని అడిగాడు. ఎర్రదే కావాలట. యాభై దాటిన మగాడికి గోళ్ళరంగెందుకు? ఎవతెకో ఇవ్వడానికే అనుకున్నాను. అనుమానం ఆయన సొత్తేం కాదు, నాకూ తక్కువ లేదు. వెనకాలే పోయి చూస్తే బానెట్ ఎత్తి, బాటరీకి, ఆల్టర్నేటరుకు, రేడియేటరు మూతకు, కనిపించిన ప్రతి సామానుకూ ఒక్కో ఎర్రచుక్క పెడుతున్నాడు. గ్యారేజీవాళ్ళు మంచివి తీసుకుని పాతవి బిగిస్తారని గుర్తులట. పీకేసిన సామాన్లు కూడా గ్యారేజీలో వదిలేవాడు కాదు. "పాతది నా చేతిలో పడితేనే కొత్తది ఏసినట్టు" అని అన్నీ గోనెసంచిలో వేసుకుని మంచం కింద దాచేవాడు.

ఆ చుక్కలతోనే ఒకసారి గొడవైంది. గ్యారేజీ నుంచి వచ్చిన కారులో బాటరీ మీద చుక్క లేదు. వాళ్ళు ఇంజను కడిగినప్పుడు పోయిందని చెప్తే వింటాడా! రోడ్డు మీద రచ్చచేశాడు. ఆ గ్యారేజీవాళ్ళు ఇంక నీ కారు మా గుమ్మం తొక్కొద్దన్నారు. తర్వాత ఇంకో గ్యారేజీ, ఇంకో గొడవ. చివరికి ఎవరూ చెయ్యి పెట్టేవాళ్ళు లేక, లారీల మీద పదిహేనేళ్ళు నేర్చిన విద్యతో రిపేర్లన్నీ తనే చేసుకోవడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ఆ కారు మీద చెయ్యి వేసిన రెండో మనిషి లేడు.

ఒక్కసారి తప్ప. ఆయనకు జ్వరం వచ్చి మంచం దిగలేకపోయాడు. వరసగా రెండు రోజులు స్టార్ట్ చేయకపోతే మూడోరోజు మొండికేస్తుందని భయం. నన్ను పిలిచి, తలుపు వేయమని, దుప్పటి కింద మొలతాడు విప్పి తాళం నా చేతిలో పెట్టాడు. చెయ్యి కాలిపోతోంది.

"ఎవురికీ చెప్పాకు పాపా. స్టార్ట్ చేసి పావుగంట ఉంచు. సూది మీదనే కన్ను పెట్టు."

వేడి చూపించే సూది అది. నేను ఆ ఎర్ర సీట్లో భయంభయంగా కూర్చుని పావుగంట దాన్నే చూశాను. అడుగునే పడుకుని ఉంది, కదల్లేదు. తిరిగొచ్చి లేవలేదన్నా అని చెప్తే, జ్వరంలోనే ముఖం వెలిగిపోయింది.

"అదీ! ఈ ఎండలో పెద్ద పెద్ద బండ్లు కాగి రోడ్డు పక్కన పొగలు కక్కుతాండాయి. నా బండి సూది ఒక్కపొద్దు లేచింది లేదు. అదేముండాదిలే, చెయ్యి అట్లాంటిది."

ఆ సూది ఆయన గర్వం. చలికాలంలో హీటరు వేస్తే వెచ్చగాలి రాక, మామా మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చునేది. అది మాత్రం ఎవరికీ పట్టలేదు.

కిందటి చలికాలం కాక అంతకుముందు చలికాలంలో పెద్దకొడుకు పెట్రోలు ఖర్చు చూశాడు. వారంలో నాలుగుసార్లు ఆస్పత్రికి, చెల్లెలి ఇంటికి పోయే కారు అంత తాగడమేమిటి? నన్ను పిలిచి, "వాడు హరామీ. పెట్రోలు అమ్ముకుంటున్నాడు. నువ్వు కనిపెట్టు. నీ సెలవు సంగతి నేను చూస్తా" అన్నాడు. నేను ఇంటికి పోయి అప్పటికి మూడేళ్ళు కావస్తోంది. పిల్లలు ఫోనులో నన్ను చూసి ఆటలకు పారిపోయే దశకు వచ్చారు. సెలవు మాట వినగానే నాకు ఇంకేమీ వినపడలేదు. అదే నిజం, దాచను.

నిజం చెప్పాలంటే వాడు అనకముందే నాకూ అనుమానమే. ఏమీ లేనివాడు అంత దాపరికం ఎందుకు చేస్తాడు? అట్టలు దాచడమేంటి, తెల్లవారకముందే కారు కింద దూరడమేంటి? అన్నిటికీ ఒక్కటే జవాబు దొరికేసరికి నాకు తెలివి పెరిగినట్టనిపించింది.

నాలుగోరోజు తెల్లవారుజామున, నమాజు పిలుపు అయ్యాక, వంటింటి కిటికీలోంచి చూశాను. కారు కింద నుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం బయటికి వచ్చి డబ్బాలో పడి ఉంది. డబ్బా నిండగానే మూత పెట్టి, పైన తువ్వాలు కప్పి, అటూ ఇటూ చూసి వెనకగేటు నుంచి బయటికి పోయాడు. వట్టి డబ్బాతో తిరిగొచ్చాడు. నేను దగ్గరికి పోలేదు, వాసన చూడలేదు. చూసుంటే అప్పుడే తేలిపోయేది. కాని దొంగ దొరికాడన్న సంబరంలో ఉన్నవాళ్ళకు వాసనలెందుకు? మామా లేవగానే చెప్పేశాను. డబ్బా నిండా పెట్రోలు పట్టుకుపోయాడని, నా కళ్ళతో చూశానని.

మామా నమ్మలేదు. కొడుకు నమ్మాడు. ఆ మధ్యాహ్నమే ఉస్తాద్ అని పిలిచే ఒక పంజాబీ ముసలి మెకానిక్‌ను ఇంటికి తీసుకొచ్చాడు, పెట్రోలు ట్యాంకూ పైపులూ అన్నీ చూసి ఎంత పోతోందో తేల్చమని. ఆయన హిందీ, వీళ్ళ అరబీ మధ్య మాట చేరవేయడానికి నన్నే నిలబెట్టారు. మా అన్న మొలతాడు నుంచి తాళం తీసి ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.

"పొద్దున డబ్బాలో ఏం పట్టుకుపోయినావ్?" అని కొడుకు అడిగించాడు.

"నీళ్ళు," అన్నాడు ఆయన నాతో. "రేడియేటరు నీళ్ళు. తుప్పు పట్టి ఎర్రగా వస్తాండాయి. వీడు చూస్తే బండి చచ్చిందని అమ్ముతాడని ఒంపేసి మంచినీళ్ళు పోస్తాండా. అంగట్లో అమ్మే ఆ పచ్చనీళ్ళు రంగు కలిపిన మోసం, అవి పోయను నేను."

ఆ మాటనే నేను అరబీలో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాను. ఉస్తాద్ రేడియేటరు కింది కుళాయి విప్పి, వేలు తడిపి వాసన చూసి, అవును నీళ్ళే, ఆ గొట్టం ఈ కుళాయికి పెట్టేదే అన్నాడు. తర్వాత ఇంజను స్టార్ట్ చేయించి, ఇరవై నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సూది లేవలేదు. మా అన్న ఇప్పుడైనా చూడండన్నట్టు గడ్డం ఎత్తాడు.

"థర్మోస్టాట్ ఎక్కడ?" అని అడిగాడు ఉస్తాద్.

అది ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్ళను ఆపిపట్టే చిన్న మూతట. మా అన్న గదిలోకి పోయి గోనెసంచి లాక్కొచ్చి అందరి ముందూ కుమ్మరించాడు. తను ఏదీ అమ్ముకోలేదని, పీకిన ప్రతి సామానూ ఉందని చూపించడానికి. అందులోంచి కాగితం చుట్టిన ఒక చిన్న ఇత్తడి ముక్కను తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"నేను ఈ ఇంటికొచ్చిన వారానికే పీకేసినా. గువ్వలచెరువు ఘాటెక్కే లారీలన్నిటికీ ముందు ఇదే పీకుతాం. ఇది ఉంటే నీళ్ళకు అడ్డం, బండి కాగుతాది. వేడి దేశంలో దీంతో ఏం పని?"

ఉస్తాద్ తల పట్టుకున్నాడు. లారీ కాలం వేరు, ఇది వేరు అన్నాడు. ఈ కారులో కంప్యూటరుంది. సూది లేవకపోతే ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని అది పెట్రోలు పోస్తూనే ఉంటుంది, ఇన్నేళ్ళూ పోస్తూనే ఉంది. అంత పెట్రోలు మింగి ఇంజను అరిగింది, వట్టినీళ్ళకు లోపలంతా తుప్పు పట్టింది. హీటరు రాకపోవడం కూడా అందుకే. ఇప్పుడు బాగుచేయాలంటే ఇంజను దించాలి, గేరుబాక్సు ఎలాగూ పోతోంది, ఆ ఖర్చుకు ఇలాంటి కారు ఇంకోటి వస్తుంది.

నేను అన్నీ ముందు ఆయనకు తెలుగులో, తర్వాత వీళ్ళకు అరబీలో చెప్పాను. కొడుకు పగలబడి నవ్వాడు. మామా లోపలికి పోయింది.

మా అన్న ఆ ఇత్తడి ముక్కను తిప్పితిప్పి చూస్తూ మెట్టు మీద కూలబడ్డాడు. ప్రపంచంలో ఎవరినీ చెయ్యి వేయనివ్వకుండా కాపాడిన కారును పాడుచేసిన చెయ్యి ఏదో చెప్పింది నేనే, తెలుగులో, ఆయన ముఖం మీదే. తలెత్తి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఈ ముసలోన్ని ఎవురు పంపించినారు పాపా? వీడూ పెద్దోడూ ఒకటే. బండి చచ్చిందని చెప్పి ముసలోడే అగ్గువకు కొట్టేస్తాడు చూడు."

కారు వారంలోగా సులైబియాకు పోయింది. కొన్నది ఉస్తాద్‌కు తెలిసినవాడేనని తర్వాత విన్నాను. ఆ అనుమానం ఒక్కటైనా నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. దొంగతనం మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. కాని కారు లేని డ్రైవరుకు ఇఖామా కొత్తది చేయించే కఫీల్, పూచీపడే యజమాని, ఎక్కడుంటాడు? నెల తిరగకుండా టికెట్టు తీశారు. నాకు సెలవు కూడా అదే వారం మంజూరైంది. చిన్నకూతురి ఫీజుకు అప్పటికే ఒకరిద్దరిని అడిగాడని, లేదన్నారని నాకు తెలుసు. రోజూ చాయ్ ఇస్తూ చెప్పాలనుకునేదాన్ని, గ్లాసు ఇచ్చి వచ్చేసేదాన్ని. ఆయనేమో గ్లాసు అందుకుని, నువ్వు తాగినావా అని అడగడం మానేశాడు. ఆ ఇంట్లో మిగతా అందరినీ అనుమానించాడు, తోటమాలిని, పక్కింటి డ్రైవరును, మామా చెల్లెల్ని కూడా. డబ్బా సంగతి వాళ్ళలో ఎవరో చూసి చెప్పారని లెక్కలు వేసేవాడు. ఆ లెక్కల్లో నేను లేను. అది నన్ను ఎంత కోసిందో చెప్పలేను.

పోయే రోజు మధ్యాహ్నం గేటు దగ్గర టాక్సీ కోసం నిలబడ్డాడు. ఇంక ఆగలేకపోయాను.

"అన్నా, మామాతో చెప్పింది నేనే. డబ్బా చూసి పెట్రోలనుకున్నా. నేనే చెప్పినా."

ఆయన సూట్‌కేసు తాడు బిగిస్తున్నవాడు ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఈ మాట చెప్పమని నీకు ఎవురు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదన్నా. నా నోటితో నేనే..."

"పెద్దోడు కదా? వాని మనిషెవురో బయటపడకుండా నీ మీదికి తోసినాడు. సెలవిస్తానన్నాడా?"

"ఇచ్చినాడు. అందుకే చెప్పినానన్నా, ఆ సెలవు కోసమే..."

"చూసినావా! అనుకుంటినే!" అన్నాడు. నెలరోజుల తర్వాత ఆ ముఖంలో మళ్ళీ ఆ వెలుగు చూశాను. "పాపా, ఒంటరి ఆడబిడ్డవు. వాళ్ళు చెప్పమంటే చెప్పక ఏం చేస్తావు. నీ మీద నాకేమీ లేదు."

ఏడుపొచ్చేసింది. "నా పిల్లల మీద ఒట్టు అన్నా, నేనే."

"బిడ్డల మీద ఒట్లు పెట్టాకు," అని గట్టిగా కసిరాడు. "వాళ్ళ అబద్ధానికి నీ బిడ్డల్ని తేవాల్నా?"

టాక్సీ వచ్చింది. మీటరు ఎందుకు వేయలేదని డ్రైవరును నిలదీసి, అది తిరగడం చూశాకే ఎక్కాడు. నేను కిటికీ దగ్గరికి పరుగెత్తి, నేనే అన్నా, నిజంగా నేనే అని ఇంకోసారి అరిచాను. ఆయన అద్దం దించి, ఇంటి వైపు ఒకసారి చూసి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"గమ్మునుండు పాపా. వాళ్ళు వింటాండారు."